యాదగిరి మామ కట్టిన ప్లగ్గుల బోర్డు

మొన్నీమధ్య నాచారంలోని మా ఫ్లాటులో మిక్సీ తిప్పుతుంటే గోడలోని ప్లగ్గు వేడెక్కి, దాని బేకలైటు డిప్ప కాలిన వాసన వచ్చింది. ఎండుచేప మాడినట్టు ఉంటుందది, ముక్కులో దూరితే ఓ పట్టాన వదలదు. మా ఆయన పరుగున పోయి మెయిను ఆపేశారు. ఎలక్ట్రీషియన్ వచ్చి, చెవి దగ్గర ఫోను దించకుండానే నల్లబడ్డ ప్లగ్గు ఊడదీసి, తెల్లగా మెరిసే కొత్తది బిగించి వెళ్లిపోయాడు. భయపడాల్సిన వాసనకు నేను మాత్రం స్టూలు లాక్కుని అక్కడే కూర్చున్నాను. చెత్తబుట్టలో పడబోతున్న పాత ప్లగ్గును వద్దని తీసుకుని మళ్లీ మళ్లీ వాసన చూశాను. మా ఆయన నన్ను అదోలా చూశారు. పెళ్లయి ఇన్నేళ్లయినా ఆయనకు మా ఉప్పల్ ఇంటి సంగతులన్నీ తెలియవు. యాదగిరి మామ కట్టిన బోర్డు సంగతి అసలే తెలియదు.

ఉప్పల్ చౌరస్తాకు లోపలగా ఓ సందులో, వరుసగా వాటాలున్న రేకుల ఇంట్లో ఉండేవాళ్లం. ముందొక గది, వెనక వంటిల్లు, పెరట్లో అందరికీ కలిపి ఒకే నల్లా. వానాకాలం రేకులమీద చినుకు పడితే మనిషి మాట మనిషికి వినిపించేది కాదు. ఎండాకాలం ఆ రేకుల కిందే తడిపిన గోనెసంచులు పరుచుకుని నేనూ తమ్ముడు శీనూ కచ్చకాయలు ఆడుకునేవాళ్లం. చలికాలం పొద్దున పొగమంచులో మౌలాలి గుట్ట కనిపించకపోయినా, అటునుంచి గూడ్సు పెట్టెలు ఒకదానికొకటి తగిలే చప్పుడు మాత్రం దుప్పటిలోకి వచ్చేసేది. సీతాఫలాల కాలంలో బీబీనగర్ వైపు నుంచి వచ్చే బస్సుల మీంచి గంపలు దిగేవి. చౌరస్తాలో బొగ్గుల మీద మక్క కంకులు చిటపటలాడేవి. నాచారం వైపు గాలి ఒకలా వీస్తే బిస్కట్ల వాసన, కాస్త పక్కకు తిరిగితే మందుల ఫ్యాక్టరీ ఘాటు. ఆ గాలిని బట్టే మాకు ఆకలి వేయడమో, ముక్కు మూసుకోవడమో జరిగేది. ఫ్యాక్టరీల సైరన్లు మోగినప్పుడల్లా సందులో అమ్మలందరూ చేస్తున్న పని ఆపి పొయ్యి మీదకు ఎసరు ఎక్కించేవారు, గడియారం చూసే పని ఎవరికీ ఉండేది కాదు.

మా నాయన జనగామ పక్క పల్లె నుంచి పని వెతుక్కుంటూ వచ్చి నాచారంలో ఒక రేకుల ఫ్యాక్టరీలో కుదురుకున్నాడు. పెద్ద ప్రెస్సు కింద రేకు పెట్టి, డబ్బా మూతలూ ఫ్యాను రెక్కలూ ఒత్తే పని. ఆ ప్రెస్సుల మోతలో మాటలు పనికిరావు, అన్నీ చేతులే. బొటనవేలు నోటి దగ్గర పెడితే చాయ్, అరచెయ్యి గాలిలో అడ్డంగా ఊపితే ఆపు, చెవి పట్టుకుంటే సూపర్‌వైజరు వస్తున్నాడని. ఆ సైగలన్నీ నాయన మాకూ నేర్పాడు. బడిలో టీచరు వస్తుంటే నేను చెవి పట్టుకునేదాన్ని, వెనక బెంచీల వాళ్లు అర్థం కాక తన్నులు తినేవాళ్లు. ఆదివారం నాయన దోస్తులు ఇంటికొస్తే మాత్రం సందులో వాళ్లు కొట్లాట జరుగుతోందేమోనని తొంగి చూసేవారు. అంత పెద్ద గొంతులు. పాపం, కబుర్లే చెప్పుకునేవారు. చెవుల్లో దూది పెట్టుకొమ్మని ఎవరో అంటే ఫ్యాక్టరీలో అందరూ నవ్వారట, అది ఆడపిల్లల నాజూకుతనమని. ఆ నవ్వు ఎంత ఖరీదైందో వాళ్లకు తర్వాత గానీ తెలియలేదు.

అమ్మ పేరు సుగుణ. అమ్మది సన్నని గొంతు. తీగలా సాగేది అని రాయడం సులభమే గానీ, నిజం చెప్పాలంటే అలా రాయడానికి నాకు అంత బాగా గుర్తు లేదు, ఎందుకు లేదో ముందుకు పోతే తెలుస్తుంది. బియ్యం ఏరుతూ, బట్టలు పిండుతూ, మా తలలు దువ్వుతూ ఎప్పుడూ ఏదో ఒక పాట పెదవుల చివర ఉండేది. బతుకమ్మ రోజుల్లో సందు ఆడవాళ్లందరికీ అమ్మే ముందు పాడాలి, ఆమె ఒక వరుస అంటే మిగతావాళ్లు అందుకోవాలి. గునుగు, తంగేడు, బంతి పూలు పేర్చిన తాంబాళాల చుట్టూ చప్పట్లతో తిరిగేవారు. మేము మాత్రం పాట ఎప్పుడు అయిపోతుందా, మలీద ముద్దలూ సత్తుపిండీ ఎప్పుడు పంచుతారా అని చూసేవాళ్లం. నాయన సందు మొదట్లో సైకిలు మీద ఒక కాలు నేలకానించి నిలబడి, పాట మొత్తం అయ్యేదాకా అలాగే ఉండేవాడు. దోస్తులు ఎగతాళి చేస్తే, పొద్దంతా ఆ ప్రెస్సు దెబ్బలు విన్న చెవులకు ఇదొక్కటే మందు అనేవాడు.

ఒక ఏడాది బతుకమ్మ అయిపోయి ఇంటికి వచ్చాక, ఈసారి నీ గొంతు చిన్నగైందేంది, పానం బాగలేదా అని నాయన అమ్మను అడిగాడు. ఆ ఏడాది అమ్మ ఎప్పటికంటే గట్టిగానే పాడింది, చప్పట్లు కొట్టిన మా అందరికీ తెలుసు. ఆ తర్వాత రేడియో సౌండు తగ్గిందన్నాడు. సైకిలు బెల్లు పాడైందని కొత్తది వేయించాడు. అన్నింటికీ ఆయన దగ్గర ఒకటే జవాబు: వోల్టేజి. అదీ పూర్తిగా అబద్ధం కాదు. అప్పట్లో ఉప్పల్లో దీపాల వేళకు బల్బులు పండిన బత్తాయిల్లా ఎర్రబడేవి, ట్యూబులైటు వెలగాలా వద్దా అని కొట్టుకుని కొట్టుకుని ఊరుకునేది. దాంతో ఆయన మాట కాదనే వీలు ఎవరికీ ఉండేది కాదు. అమ్మకు మాత్రం సంగతి అర్థమైంది. అయినా పైకి అనలేదు, ఎందుకంటే చెవులు పోయాయని ఫ్యాక్టరీలో తెలిస్తే ప్రెస్సు మీది నుంచి తీసేస్తారని అందరికీ భయం. పోయేది ఆయన చెవులే అయినా, ఆ మాట నోటితో అనడానికి ఇల్లంతా జంకేది.

వోల్టేజి తక్కువైతే పెద్ద సిస్టమ్ కావాలి కదా అని నాయన తేల్చేశాడు. కోఠీ గల్లీల్లో తిరిగి, తెలిసినవాళ్ల చేత ఒక టేపు డెక్కు, ఒక ఆంప్లిఫయరు జోడింపజేసి సైకిలుకు కట్టుకుని తెచ్చాడు. స్పీకర్లకు చెక్క పెట్టెలు లేవు, ఉప్పల్లోనే కుమ్మరి దగ్గర రెండు కొత్త కుండలు తీసుకుని వాటి మూతుల మీద స్పీకర్లు వెల్లకిలా బిగించాడు. కుండలో స్పీకరు పెడితే దరువు గుండెల్లో మోగుతుందని అప్పట్లో అందరూ అనేవారు, మోగేది కూడా. మంచినీళ్లకు లేని కుండలు పాటలకు వచ్చాయని అమ్మ సాధించింది. నాయన వాటికి పాత చీర అంచు చుట్టి, గూట్లో దేవుడి పటాల కింద పెట్టాడు.

ఆ సిస్టమ్‌లో సినిమా పాటలు వినాలని మా ఆశ. నాయన తెచ్చింది ఖాళీ క్యాసెట్టు. ఒక మధ్యాహ్నం సందులో సద్దుమణిగినప్పుడు అమ్మను పీట మీద కూర్చోబెట్టి, పక్కింటి వాళ్ల టేపురికార్డరు అరువు తెచ్చి పాడమన్నాడు. అమ్మ సిగ్గుపడింది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, మమ్మల్ని బయటకు పొమ్మంది, మేము పోయినట్టే పోయి గడప అవతల కూర్చున్నాం. చివరికి తనే చప్పట్లు కొట్టుకుంటూ బతుకమ్మ పాటలు క్యాసెట్టుకు ఒక వైపు నిండా పాడింది. మధ్యలో ఉల్లిగడ్డల బండివాడి కేక కూడా అందులో చేరిపోయింది. నీ పాటను పెద్ద సౌండులో వినాలనే ఇదంతా అని నాయన అన్నప్పుడు అమ్మ లేచి వంటింట్లోకి పోయి చాలాసేపు బయటకు రాలేదు.

ఇక ప్లగ్గు గొడవ. మా గదిలో ఒక్కటే ప్లగ్గు, అదీ వదులు. డెక్కుకూ ఆంప్లిఫయరుకూ కలిపి అందులో అగ్గిపుల్లలు దోపి తీగలు బిగిస్తే, గర్రుమని మెరుపులొచ్చి పాట తెగిపోతూ ఉండేది. క్యాసెట్టు పెట్టినా నాయనకు పాట అందలేదు. కరెంటు అంతా ఇక్కడే కారిపోతోంది, మంచి ప్లగ్గుల బోర్డు ఒకటి ఉంటే సౌండు అదే వస్తుంది అన్నాడు. ఆ మాట అన్నప్పుడు అమ్మ ముఖంలోకి చూశాను. ఆమె కూడా నమ్మాలని చూస్తోంది. ఒకవేళ నిజంగానే తప్పు చెవుల్లో కాదేమో, తీగల్లోనే ఉందేమో. బోర్డు కోసం తన తమ్ముడికి కబురు పెట్టింది అమ్మే.

అమ్మ తమ్ముడు యాదగిరి మామ లాలాపేట్‌లో ఒక లైటింగు షాపులో పని చేసేవాడు. పెళ్లిళ్లకు, పండుగలకు రంగు బల్బుల సీరియల్ సెట్లు కట్టడంలో ఆయనకు పెద్ద పేరు. చిన్న చిన్న బల్బులన్నీ ఒకే తీగమీద, పిల్లలు చేతులు పట్టుకుని నిలబడ్డట్టు ఉంటాయవి. కరెంటు మొదటి దానిలోంచి దూరి రెండోదానిలోకి, అక్కడినుంచి మూడోదానిలోకి పోతుంది. ఒకటి మాడితే వరుసంతా ఆరిపోతుంది. వినాయక చవితి వచ్చిందంటే మామకు తిండీ నిద్రా ఉండవు, తార్నాక నుంచి చర్లపల్లి దాకా మండపాలన్నీ ఆయన తీగలే. ఆ ఏడాది నిమజ్జనం అయిన మర్నాడే మా ఇంటికి వచ్చాడు. కళ్లు ఎర్రగా, వేళ్ల చివర్లు బొబ్బలెక్కి ఉన్నాయి, కూర్చున్నచోటే కునుకు తీస్తున్నాడు. రేపు చేద్దువులే అని అమ్మ అన్నా వినలేదు. బావ కోసం, అదీ అక్క పాట కోసం అనేసరికి మనిషికి హుషారు వచ్చింది.

బోర్డుకు చెక్క నాయన ముందే సిద్ధం చేశాడు. ఫ్యాక్టరీకి సామాను వచ్చిన పెట్టె పలక అడిగి తెచ్చుకుని, గరుకు కాగితంతో రుద్ది రుద్ది, కొబ్బరినూనె పట్టించి నున్నగా చేశాడు. అంగట్లో కొత్త బెల్లం అచ్చులా ఉండేది, మేము చేత్తో నిమిరి నిమిరి చూసేవాళ్లం. మామ దాని మీద పెన్సిలుతో గుండ్రాలు గీశాడు. పొయ్యిలో మేకు ఎర్రగా కాల్చి రంధ్రాలు పొడిచాడు, కాలిన చెక్క పొగ గదంతా నిండింది. మరలు ఎక్కకపోతే బట్టల సబ్బుకు రాసి ఎక్కించాడు. తీగల తోలు పళ్లతోనే చీల్చేవాడు, ఆ రాగి పోగులు నేనూ శీనూ పంచుకుని ఉంగరాలు చుట్టుకున్నాం. డెక్కుకు ఒక ప్లగ్గు, ఆంప్లిఫయరుకు ఒకటి, పక్కన ఒక బల్బు హోల్డరు. కరెంటు వచ్చిందా పోయిందా తెలియాలి కదా, అందుకు బల్బు అన్నాడు. అసలు సంగతి, బల్బు లేని పని చేయడం మామకు చిన్నతనం. చేతులు వాటంతట అవే పోతున్నాయి, మామ ఒక కన్ను మూసుకుని పాత కబుర్లు చెబుతూనే ఉన్నాడు. ఆ చేతులు పొద్దూ మాపూ సీరియల్ సెట్లే కట్టి వచ్చాయని ఎవరికీ తోచలేదు, ఆయనకు కూడా.

సాయంత్రం అమ్మ దీపం పెట్టి, బోర్డుకు కూడా ఒక పసుపు బొట్టు పెట్టింది. మామ డెక్కు తీగ దోపాడు. ఏమీ లేదు. ఆంప్లిఫయరు దోపాడు. అదీ ఉలకలేదు. ఫ్యూజు చూశాడు, టెస్టరు పెట్టి చూశాడు, టెస్టరు మాత్రం ఎర్రగా వెలుగుతోంది. కరెంటు ఉండి కూడా పని చేయకపోవడం ఏమిటని గొణుక్కుంటూ చివరగా బల్బు తిప్పి బిగించాడు. ఒక్కసారిగా మూడూ లేచాయి. శీను గంతులేశాడు. టేపు తిరిగింది. అప్పుడు అమ్మ పాట మొదలైంది.

అది అమ్మ పాట కాదు. ప్లగ్గులన్నీ సీరియల్ బల్బుల్లాగే ఒకే తీగమీద ఒకదాని తోక ఒకటి పట్టుకుని ఉన్నాయి గనుక దేనికీ కడుపునిండా కరెంటు అందలేదు. టేపు నీరసంగా తిరిగింది. అమ్మ గొంతు సాగి, లావై, అడుగుకు దిగిపోయి, జలుబు చేసిన మగవాడెవరో కుండలో తల పెట్టి మూలుగుతున్నట్టు వచ్చింది. చప్పట్లు ఒక్కొక్కటీ దబ్ దబ్‌మని పడుతున్నాయి, ప్రతి చప్పుడుకూ బల్బు ఒకసారి భగ్గుమని మళ్లీ మసకబారుతోంది. శీను పకపకా నవ్వాడు. అమ్మ ముఖం చిన్నబోయి కొంగులో దాచుకుంది. మామ నిద్రంతా ఎగిరిపోయింది. తాను చేసిన పని ఏమిటో ఒక్క చూపులో తెలిసి, ప్లగ్గు పీకడానికి చెయ్యి చాపాడు.

నాయన అరచెయ్యి గాలిలో అడ్డంగా ఊపాడు, ఫ్యాక్టరీలో ఆపమన్నట్టు. మోకాలి మీద సరిగ్గా చప్పట్ల వరుసకే తాళం వేస్తున్నాడు. కళ్లు మెరుస్తున్నాయి.

“ఇగో, గిప్పుడు సక్కగ ఇనవడ్తుంది,” అన్నాడు. “సుగుణ గొంతు.”

శీను నవ్వు గొంతులోనే ఆగిపోయింది. మామ నాయన వీపు వెనక నిలబడి అమ్మను చూశాడు. తప్పుగా కట్టిన అక్కా అని పెదవులతోనే చెప్పాడు. అమ్మ ముఖం మీంచి కొంగు తీసి, తల అడ్డంగా ఊపింది. ఉండనియ్యి అన్నది ఆ చూపు. పాట ఒక వైపు మొత్తం అలాగే మూలుగుతూ సాగింది, ఉల్లిగడ్డల బండివాడు కూడా ఏదో బావిలోంచి కేకేసినట్టు కేకేశాడు. నాయన చివరిదాకా కదలలేదు. ఆయన బల్బును చూసి తాళం వేస్తున్నాడని, పాట వినబడక పోయినా వెలుగు ఆడుతుంటే విన్నట్టు అనుకుంటున్నాడని మేమంతా ఎవరికి వారం అనుకున్నాం. మామ భోజనం చేయకుండానే వెళ్లిపోయాడు.

తర్వాత రోజూ అదే. నాయన డ్యూటీ దిగి, చేతులకంటిన గ్రీజు రంపపుపొట్టుతో రుద్దుకుని, సాసరులో చాయ్ పోసుకుని, బోర్డు ముందు కూర్చునేవాడు. ఆ బండ గొంతు పాట మొదలయ్యేది. పక్కవాటాల పిల్లలు బల్బు ఆట చూడటానికి గుమ్మంలో మూగేవాళ్లు, పెద్దవాళ్లు చెవులు మూసుకునేవాళ్లు. నాకు మహా సిగ్గుగా ఉండేది. మా అమ్మ అలా పాడదని బడిలో ఒకమ్మాయితో దెబ్బలాడాను కూడా. అమ్మ మాత్రం వంటింటి గడపలో కూర్చుని కూరగాయలు తరుగుతూ ఆయన ముఖాన్నే చూసేది. ఇంట్లో ఒక అబద్ధం నడుస్తోందని నాకు తెలుసు, దాన్ని చెడగొట్టే ధైర్యం మా ఎవరికీ లేదు.

దాన్ని చెడగొట్టింది బోర్డే. బతుకమ్మ రేపోమాపో అనగా ఒకనాడు పాట మధ్యలో మాడు వాసన వచ్చింది. అమ్మ పొయ్యి దగ్గరికి పరుగెత్తింది, పొయ్యి మీద ఏమీ లేదు. మామ మెలిపెట్టిన తీగ ఒకటి వదులై, హోల్డరు దగ్గర నిప్పురవ్వలు రాలి బేకలైటు నల్లగా బుగ్గవుతోంది. శీను మెయిను దించాడు. పిల్లలున్న ఇల్లు, రేకుల కొంప. ఇక కుదరదని అమ్మే మామను పిలిపించింది. మామ ఈసారి నిద్ర పోయి వచ్చాడు. బోర్డు మొత్తం విప్పి, ప్రతి ప్లగ్గుకూ రెండు తీగలూ విడివిడిగా, నేరుగా చేర్చాడు. పని అయ్యేంత సేపూ తల ఎత్తలేదు.

క్యాసెట్టు వేశారు. బల్బు ఆడకుండా అదురకుండా నిలకడగా వెలిగింది. అప్పుడు వచ్చిందండీ అమ్మ పాట. ఆ సన్నని గొంతు, సందు చివరి దాకా, నల్లా దగ్గర బిందెలు పెట్టుకున్నవాళ్ల దాకా పోయింది. ఆడవాళ్లు చేతులు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చారు. శీను అమ్మ చెయ్యి పట్టుకుని ఊపాడు. అమ్మ తన గొంతు తానే మొదటిసారి వింటూ నోరు కొంచెం తెరుచుకుని నిలబడిపోయింది. నేను గర్వంతో గుమ్మంలోని వాళ్లందరి ముఖాలూ చూసి, చివరికి నాయన ముఖం చూశాను.

ఆయన తల ఒక పక్కకు వంచి, నొసలు ముడేసి ఉన్నాడు. సౌండు పెంచమని సైగ చేశాడు. మామ పెంచాడు. ఇంకా పెంచమన్నాడు. కుండలు అదురుతున్నాయి. నాయన లేచి వచ్చి ఒక కుండ మీద అరచెయ్యి పెట్టాడు. చేతికి అంది వచ్చేది చెవికి రావడం లేదని ఆయనకు అప్పుడు తెలిసింది. మా అందరి ముఖాలూ ఒక్కొక్కటిగా చూశాడు, ఎంతకాలంగా మాకు తెలుసో లెక్క వేసుకున్నట్టు.

“ఉత్త మోత వస్తుంది, పాట ఏది?” అన్నాడు. అమ్మ వైపు తిరిగి, “నాకు ఇనవడ్తలేదు సుగుణా,” అన్నాడు. ఆ మాట ఆయన నోటి నుంచి అదే మొదటిసారి రావడం. గుమ్మంలో ఉన్నవాళ్లు ఒకరొకరే వెళ్లిపోయారు. మామ గోడకు ఒరిగి ఏడ్చాడు. నేనూ ఏడ్చాను, నాయన కోసమా, అంత మంచి పాట వృథా అయినందుకా, ఇప్పటికీ చెప్పలేను.

ఆ తర్వాత దవాఖానాకు పోయారు. డాక్టరు చెప్పింది అమ్మ మాకు ఇంటికొచ్చి చెప్పింది: ప్రెస్సు దెబ్బలకు మొదట పోయేది సన్నని చప్పుళ్లేనట, లావు గొంతులు, దరువులు ఇంకా కొంత మిగిలే ఉంటాయట. అది విన్నాక మామకు అసలు సంగతి తట్టింది. అంటే ఆ రోజు బావ అబద్ధం చెప్పలేదు, బల్బునూ చూడలేదు. తప్పు బోర్డు మీద సాగి బండబారిన ఆ గొంతు ఆయన చెవులకు నిజంగానే అందింది. మేమందరం జాలిపడిన ఆ కొద్ది రోజులు ఆయన సంతోషంగా, నికరంగా అమ్మ పాటే విన్నాడు. బోర్డును మళ్లీ ఎప్పటిలా తప్పుగా కడతానక్కా, ఈసారి తీగ గట్టిగా బిగిస్తాను అని మామ స్క్రూడ్రైవరు తీశాడు.

“బోర్డు జోలికి పోకు,” అంది అమ్మ. “నేనే గట్ల మాట్లాడ్త.”

మేము సరదాకు అందనుకున్నాం. ఆ పూట అన్నం వడ్డిస్తూ, గొంతును కడుపులోకి దించి, మెల్లగా, బండగా, ఆ చెడిపోయిన టేపు లెక్కనే, కూర ఎయ్యాల్నా అని అడిగింది. శీనుకు పొలమారింది. నేను నవ్వు ఆపుకోలేక చెంబు తన్నేశాను. నాయన మాత్రం తల ఎత్తి, అమ్మను చూసి, కంచం ముందుకు జరిపాడు.

నాయన ప్రెస్సు మీది నుంచి స్టోర్సులోకి మారాడు. భయపడినంత గొడవ ఏమీ కాలేదు, జీతం కొంచెం తగ్గింది, ప్రెస్సు కింద నలగకుండా వేళ్లు మిగిలాయని అమ్మ సంతోషించింది. జేబులో డబ్బా, మెడ చుట్టూ తీగతో ఒక చెవి మిషను ఇచ్చారు; దానిలో ఎలుకలు కొరికినట్టు చప్పుడు తప్ప ఏమీ లేదని ట్రంకు పెట్టెలో వేశాడు. అమ్మ క్యాసెట్టు మరుసటి వానాకాలానికే డెక్కులో చిక్కుకుని పేగుల్లా బయటికి వచ్చింది, చుట్టడానికి చూసి చూసి తెంపుకున్నాం. మా ఇంట్లో అందరి గొంతులూ నాయనకు అందేలా లావెక్కాయి. నేను పెళ్లయి అత్తగారింటికి పోయిన కొత్తలో, ఈ పిల్ల ఎందుకిట్లా మీద పడి మాట్లాడుతుందని మా అత్త మా ఆయనను చాటుగా అడిగిందట. అమ్మ బతుకమ్మలో ముందు పాడటం మానేసింది. ఎవరైనా పిలిస్తే గొంతు బాగలేదనేది. అసలు పాడటమే ఎప్పుడు మానేసిందో మాలో ఒక్కరం గమనించలేదు.

ఇప్పుడు ఆ రేకుల ఇల్లు లేదు, ఆ జాగాలో తమ్ముడు కట్టిన మేడలోనే అమ్మా నాయనా ఉంటారు. నాచారం సైరన్లు ఒక్కొక్కటిగా ఆగిపోయాయి, ఫ్యాక్టరీల గోడలు కూలి అక్కడ మాలాంటి వాళ్ల ఫ్లాట్లు లేచాయి, గాలి ఎటు తిరిగినా బిస్కట్ల వాసన రాదు. కుండలో పాట వినేవాళ్లు లేరు, ప్లగ్గుల బోర్డు ఇంట్లో కట్టుకునేవాళ్లు అంతకంటే లేరు, యాదగిరి మామ కూడా లేడు.

పోయిన నెల తమ్ముడు నాయనకు కొత్త చెవి మిషన్లు పెట్టించాడు. చిక్కుడు గింజంత ఉన్నాయి, చెవి వెనక దాక్కుంటాయి. నేను వెళ్లేసరికి నాయన ఇల్లంతా తిరుగుతూ చిన్నపిల్లాడిలా ఒక్కో చప్పుడూ పరీక్షిస్తున్నాడు. చెంచా గిన్నెకు తగలడం, పేపరు మడత పెట్టడం, గోడ మీది బల్లి కూడా. ఇన్నేళ్ల తర్వాత ఆయనకు సన్నని చప్పుళ్లు తిరిగి వచ్చాయి. నాకు కడుపు నిండిపోయింది. అంతలో అమ్మ వంటింట్లోంచి, మా అందరికీ అలవాటైన ఆ బండ గొంతుతో, చాయ్ తాగుతావా అని అడిగింది. నాయన ఉలిక్కిపడి రెండు చెవులూ మూసుకున్నాడు.

“జర మెల్లగ సుగుణా,” అన్నాడు నవ్వుతూ. “ఎన్కటి లెక్క మాట్లాడు. ఇప్పుడు నాకు ఇనవడ్తది.”

అమ్మ చాయ్ గిన్నె దించి, చేతులు తుడుచుకుని వచ్చి ఆయన ఎదురుగా కూర్చుంది. ఏదో అనబోయి గొంతు సవరించుకుంది. పెదవులు కదిపి, ఎక్కడో వెతికినట్టు కళ్లు మూసుకుని, సన్నగా పలకాలని చూసింది. గాలి తప్ప ఏమీ రాలేదు. మళ్లీ చూసింది. నేనూ తమ్ముడూ ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. ఆ గొంతు ఎలా ఉండేదో గుర్తు చేద్దామంటే మాకూ గుర్తు లేదు.

“గది పోయిందయ్యా,” అంది అమ్మ చివరికి, వచ్చిన గొంతుతోనే. “నీకు ఇనవడేది ఒక్కటే ఉంది.”

నాయన చెవుల వెనక నుంచి మిషన్లు రెండూ తీసి అంగీ జేబులో వేసుకుని, కుర్చీ ఆమెకు దగ్గరగా జరుపుకుని, “ఇగ చెప్పు,” అన్నాడు.